అలన్ ట్యూరింగు

చదరంగము మన దేశమున పుట్టిన ఆట. ఇచటనుండి అది పారసీక దేశమునకును, అరబ్బుల మూలమున ఐరోపా ఖండమునకును వ్యాపించినది. అఱువదినాలుగు గళ్ల పలకపై రెండు సేనలను నిలిపి, రక్తపాతము లేక బుద్ధిబలముచేతనే జయాపజయములు తేల్చుకొను ఈ ఆట మానవుని మేధకు గీటురాయి యని జనులు చిరకాలముగ భావించుచు వచ్చిరి. నేడు మానవులే గాక యంత్రములును చదరంగమాడుచున్నవి. దూరదేశములలో నున్న కంప్యూటరులు అంతర్జాలము ద్వారా ఒకదానితో నొకటి తలపడి, బ్లిట్జు అను మెఱుపు పందెములలో కొలది నిమిషములకే ఒక్కొక్క ఆటను ముగించుచున్నవి. ఈ వింతకు తొలి బాట వేసినవారిలో అలన్ ట్యూరింగు అగ్రగణ్యుడు. అయినను తాను వ్రాసిన చదరంగపు విధానమును ఒక యంత్రము నడపుచుండగా చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. తగిన యంత్రము లేని దినములలో తానే యంత్రమై కూర్చుండి, కాగితముతోను పెన్సిలుతోను ఆ ఆటను నడపి చూపిన మేధావి ఆయన.

అలన్ మాథిసన్ ట్యూరింగు 1912వ సంవత్సరము జూన్ 23వ తేదీన లండన్ నగరమున జన్మించెను. తండ్రి జూలియస్ ట్యూరింగు మద్రాసు రాజధానిలో ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. ఆయన బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో పనిచేసి, పల్లెలు తిరిగి, వ్యవసాయము, నీటిపారుదల, ఆరోగ్యము మున్నగు విషయములను విచారించుచుండెను. ఆ కాలముననే తెలుగు భాషను గూడ అభ్యసించెను. తల్లి ఎథెల్ సారా మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరుగ నుండిన స్టోనీ కుమార్తె. తండ్రి ఉద్యోగము హిందూదేశమున, పిల్లల పెంపకము ఇంగ్లండున. అందుచేత తల్లిదండ్రులు అలనును, అతని అన్న జానును ఇంగ్లండులో ఒక విశ్రాంత సైనికోద్యోగి యింట విడిచి తిరిగి మద్రాసు రాజధానికి పోవుచుండిరి. తల్లిదండ్రులకు దూరముగ పెరిగిన ఆ బాలునకు అంకెలే చెలికాండ్రైనవి.

1926వ సంవత్సరమున పదుమూడేండ్ల అలన్ షెర్బర్న్ పట్టణములోని పాఠశాలలో చేరవలసియుండెను. అతడు ఓడ దిగి ఇంగ్లండు తీరమున అడుగిడునాటికి దేశమంతట కార్మికుల సమ్మె సాగుచుండెను, రైళ్లు నడువలేదు. పాఠశాల అఱువది మైళ్లకు పైబడిన దూరమున నున్నది. బాలుడు వెనుకంజ వేయలేదు. సైకిలెక్కి బయలుదేరి, త్రోవలో ఒక సత్రమున రాత్రి గడిపి, మరునాడు పాఠశాల చేరుకొనెను. ఇట్టి పట్టుదల జీవితాంతము ఆయనను విడువలేదు.

ఆ పాఠశాలలో అలన్ మేటి విద్యార్థి యని పేరు పొందలేదు. వ్రాత గజిబిజిగ నుండెడిది. ప్రాచీన భాషలకు ప్రాధాన్య మిచ్చిన ఆ గురువులకు అతని గణితాభిలాష అంతగా రుచింపలేదు. అతని మనస్సు నెఱిగిన మిత్రుడు క్రిస్టఫర్ మార్కమ్. ఇరువురును కలసి నక్షత్రములను గూర్చియు, గణిత సమస్యలను గూర్చియు చర్చించుచుండిరి. కాని 1930వ సంవత్సరము ఫిబ్రవరిలో మార్కమ్ క్షయరోగముచే అకాలమరణము పొందెను. ఆ దుఃఖము అలన్ హృదయమున లోతుగ నాటుకొనెను. మరణించిన మిత్రుని మనస్సు ఏమైనది? మనస్సునకును శరీరమునకును గల సంబంధ మెట్టిది? ఈ ప్రశ్నలు అతనిని వెంటాడినవి. మిత్రుని తల్లికి వ్రాసిన జాబులలోను అతడు వీనిని గూర్చి విచారించెను. యంత్రము ఆలోచింపగలదా యని ఆయన తరువాత వేసిన ప్రశ్నకును మనస్సును గూర్చిన ఈ జిజ్ఞాసయే తోడ్పడెనని చెప్పవచ్చును.

1931లో ట్యూరింగు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి కింగ్స్ కళాశాలలో చేరి, 1935లో ఇరువదిరెండేండ్ల వయస్సుననే ఆ కళాశాల ఫెలోగ ఎన్నికయ్యెను. 1936లో ఆయన వ్రాసిన ఒక గణిత వ్యాసము శాస్త్రలోకమున చిరస్థాయిగ నిలిచినది. ఆ కాలమున కంప్యూటరు అనగా లెక్కలు కట్టు మనుష్యుడే. ఆ మనుష్యుడు లెక్క కట్టునపుడు చేయుచున్న దేమి? ఒక గుర్తును చూచును; ఒక నియమము ప్రకారము దానిని తుడిచివేయును, లేదా మఱియొక గుర్తు వ్రాయును; తరువాతి గడికి పోవును. ఈ పనినే చేయు యంత్రమును ట్యూరింగు ఊహించెను. దానికి గళ్లుగా విభజింపబడిన పొడవైన పట్టీ యొకటి, నియమముల పట్టిక యొకటి యుండిన చాలును. అంతకంటె గొప్ప విషయ మేమనగా, నియమముల పట్టికను గూడ గుర్తులుగా మార్చి పట్టీపై వ్రాసినచో ఒకే యంత్రము అన్ని యంత్రముల పనియు చేయగలదని ఆయన నిరూపించెను. నేటి కంప్యూటరు ఒకే పెట్టెలో నుండి లెక్కలు కట్టుచు, చిత్రములు చూపుచు, చదరంగమాడుచున్నదనిన, దాని వెనుక నున్నది ఈ భావమే. అటుపిమ్మట ఆయన అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున చదివి, 1938లో డాక్టరు పట్టము పొంది స్వదేశమునకు వచ్చెను.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధ మారంభమైనది. యుద్ధము ప్రకటింపబడిన మరునాడే ట్యూరింగు బ్లెచ్లీ పార్కు అను రహస్య కేంద్రమున పనికి చేరెను. జర్మనీ సేనలు తమ వార్తలను ఎనిగ్మా యను యంత్రముతో గూఢలిపిలోనికి మార్చి పంపుచుండెను. ఆ యంత్రమును అమర్చు విధములు 159 తరువాత పదునెనిమిది సున్నలు చేర్చిన సంఖ్యకు దాదాపు సమానము. వీనిని ఒక్కొక్కటిగ పరీక్షించుట మానవసాధ్యము కాదు. పోలెండు గణితవేత్తలు 1932 నాటికే ఎనిగ్మా మర్మమును కనుగొని, యుద్ధమునకు కొలది వారముల ముందు దానిని బ్రిటనునకు తెలిపిరి. ఆ పునాదిపై ట్యూరింగు బాంబ్ అను విద్యుద్యంత్రమును రూపొందించెను. గార్డన్ వెల్చ్‌మన్ దానికి మెఱుగులు దిద్దెను. 1940 మార్చిలో మొదటి యంత్రము పనిచేయనారంభించెను. సాధ్యముకాని అమరికలను వేగముగ త్రోసివేసి, పరీక్షింపదగిన కొన్నింటిని మాత్రమే మిగుల్చుట దాని పని. అట్లాంటిక్ సముద్రమున ఆహారపదార్థములు తెచ్చు ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచుచుండిన ఆ కాలమున, నౌకాదళపు ఎనిగ్మాను ఛేదించు శాఖకు ట్యూరింగే నాయకుడు.

ఆ కేంద్రమున గణితవేత్తలతోపాటు చదరంగ క్రీడాకారులును పనిచేయుచుండిరి. 1938లో బ్రిటిషు చదరంగ విజేతయైన హ్యూ అలెగ్జాండర్, స్టూవర్ట్ మిల్నర్ బారీ, హారీ గోలొంబెక్ వారిలో ముఖ్యులు. యుద్ధ మారంభమగునాటికి ఈ మువ్వురును బ్యూనస్ అయిరీస్ నగరమున దేశముల చదరంగ పోటీలో ఆడుచుండి, దానిని విడిచి స్వదేశమునకు మరలివచ్చిరి. 1941 అక్టోబరులో సిబ్బంది కొఱతచే పని కుంటుపడగా, ట్యూరింగు, వెల్చ్‌మన్, అలెగ్జాండర్, మిల్నర్ బారీ కలసి పై అధికారులను దాటి ప్రధానమంత్రి చర్చిలునకే నేరుగ లేఖ వ్రాసిరి. మిల్నర్ బారీ దానిని స్వయముగ తీసికొని పోయి ప్రధాని కార్యాలయమున ఇచ్చెను. వారు కోరిన దంతయు వెంటనే సమకూర్పవలసినదిగ చర్చిల్ ఆజ్ఞాపించెను.

విచిత్రమేమనగా, ఇంతటి మేధావి చదరంగమున మాత్రము సామాన్యుడే. గోలొంబెక్ తన మంత్రిని ముందుగనే తీసివేసి ఆడినను ట్యూరింగును ఓడింపగలిగెడివాడు. ట్యూరింగు ఇక లాభము లేదని ఆట విడిచినప్పుడు, గోలొంబెక్ పలకను త్రిప్పి, ఆ ఓడిన పక్షముననే ఆడి గెలిచి చూపెడివాడు. ఇందుకు ట్యూరింగు సిగ్గుపడలేదు. గెలుపుకంటె ఆయనను ఆకర్షించిన దొక ప్రశ్న. చదరంగమాడువాడు ఎత్తును ఎట్లు ఎంచుకొనును? ఆ ఎంపికను నియమములుగ విడదీసి యంత్రమునకు నేర్ప వీలగునా? యుద్ధకాలపు విరామ సమయములలో డొనాల్డ్ మిచీ, జాక్ గుడ్ అను సహోద్యోగులతో ఆయన ఈ విషయమునే ముచ్చటించుచుండెను.

యుద్ధము ముగిసిన తరువాత ట్యూరింగు జాతీయ భౌతిక పరిశోధనశాలలో చేరి, ఏస్ అను కంప్యూటరు నిర్మాణమునకు సమగ్రమైన ప్రణాళిక రచించెను. అందులోను యంత్రము చదరంగమాడు అవకాశమును ప్రస్తావించెను. కాని పని ఆలస్యమగుచుండెను. యుద్ధకాలమున తాను సాధించినదానిని బయటపెట్టరాదను ఆంక్ష యుండుటచే, ఇట్టి యంత్రములను తాను ఎఱుగుదునని చెప్పుకొనుటకును ఆయనకు వీలు లేకపోయెను. ఆ రోజులలో దూరపు పఱుగు ఆయనకు ఊరట నిచ్చినది. 1947లో జరిగిన మారథాన్ పోటీలో 2 గంటల 46 నిమిషముల 3 సెకండ్లలో పఱుగు ముగించి ఐదవవాడుగ నిలిచెను. చదరంగమును పఱుగుతో జోడించిన వినోదమొకటి కూడ ఆయన పేర ప్రసిద్ధమైనది. ఆటగాడు ఎత్తు వేసి ఇంటిచుట్టు పఱుగెత్తవలెను. అతడు తిరిగి వచ్చులోపల ఎదుటివాడు ఎత్తు వేయకున్నచో, వచ్చినవాడు మఱియొక ఎత్తు వేయవచ్చును. బుద్ధియు వేగమును రెండును కావలసిన ఆట యిది.

1948లో ట్యూరింగు మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు పోయెను. ఆ యేటనే తన మిత్రుడు డేవిడ్ చాంపర్నౌన్‌తో కలసి చదరంగమాడు విధానమొకటి రచించెను. ఇరువురి పేర్లును కలిపి దానికి ట్యూరోచాంప్ అని పేరిడిరి. దాని మార్గము ఇట్టిది. ముందుగ పావులకు విలువలు కట్టవలెను. బంటునకు ఒకటి, గుఱ్ఱమునకు మూడు, శకటమునకు మూడున్నర, ఏనుగునకు ఐదు, మంత్రికి పది. తరువాత తాను వేయదగిన ప్రతి ఎత్తును, దానికి ఎదుటివాడు ఈయదగిన ప్రతి జవాబును పరిశీలింపవలెను. పావులు చంపుకొనుట సాగుచున్నంతవఱకు ఆ వరుసను ఇంకను ముందునకు చూడవలెను. కడపట ఇరుపక్షముల విలువలను పోల్చి, తనకు మేలైన ఎత్తును ఎంచుకొనవలెను. విలువలు సమానమైనచో, పావులకు గల కదలిక, రాజునకు గల రక్షణ మొదలగునవి లెక్కింపవలెను. చాంపర్నౌన్ భార్య అప్పుడే చదరంగము నేర్చుకొనుచుండెను. ఆమె ఈ విధానముతో ఆడి ఓడిపోయెను.

కాని ఈ విధానమును నడపుటకు యంత్ర మేది? నాటి కంప్యూటరులు శైశవమున నుండెను. మాంచెస్టరు యంత్రమున దీనిని ఎక్కింప ట్యూరింగు పూనుకొనెను గాని, ఆ పని పూర్తి కాలేదు. 1951లో డీట్రిష్ ప్రింట్స్ అను సహోద్యోగి రెండు ఎత్తులలో ఆటకట్టు చేయు సమస్యలను ఆ కంప్యూటరుచే సాధింపజేసెను; పూర్తి ఆట మాత్రము దానికి మించినదయ్యెను. అందుచేత 1952లో ట్యూరింగు తానే యంత్రముగ వ్యవహరించెను. అలిక్ గ్లెనీ అను యువ సహోద్యోగి ఎదుట కూర్చుండెను. ట్యూరింగు తన నియమముల ననుసరించి ప్రతి ఎత్తునకును చేతితో లెక్క కట్టవలసివచ్చెను. ఒక్కొక్క ఎత్తునకు సుమారు అఱగంట పట్టెను. ఆయనకు వేఱొక ఎత్తు మేలని తోచినను దానిని వేయ వీలులేదు. లెక్క చెప్పినదే వేయవలెను. ఇరువదితొమ్మిదవ ఎత్తున ఆ విధానము ఒక బంటునకు ఆశపడి, దానిని మంత్రితో చంపెను. గ్లెనీ తన ఏనుగును ఎదుటికి తెచ్చెను. మంత్రి వెనుక వరుసలోనే రాజు ఉండుటచే మంత్రి తప్పుకొను దారి లేకపోయెను. ఆట ముగిసెను. ఒక ఎత్తును దాని జవాబును దాటి చూడలేని విధానమునకు దగ్గరి లాభము కనబడెను గాని, దాని వెనుక నున్న నష్టము కనబడలేదు. ట్యూరింగు ఈ ఓటమిని దాచలేదు. 1953లో వెలువడిన గ్రంథమొకదానిలో ఆ ఆటను లోపములతో సహా ప్రకటించెను.

దీనికి ముందే, 1950లో, యంత్రములు ఆలోచింపగలవా యను ప్రశ్నపై ఆయన ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. తెర వెనుక నున్నది మనుష్యుడో యంత్రమో ప్రశ్నలు వేసి తెలిసికొనలేకపోయినచో, ఆ యంత్రమునకు బుద్ధి కలదని అంగీకరింపవలెనని అందు ప్రతిపాదించెను. 1951లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగ ఎన్నుకొనెను. మొక్కలయందును జంతువులయందును రూపములును చారలును ఎట్లు ఏర్పడునో గణితముచే వివరించు మఱియొక వ్యాసము 1952లో వెలువడెను.

ఆ యేడే ఆయన జీవితమున పెనుచీకటి క్రమ్మెను. పురుషుడు పురుషునితో ప్రేమసంబంధము కలిగియుండుట నాటి ఇంగ్లండు చట్టము దృష్టిలో నేరము. 1967వ సంవత్సరమునగాని ఆ చట్టము మాఱలేదు. ఆ నేరము మోపబడి ట్యూరింగు న్యాయస్థానమున నిలువవలసివచ్చెను. చెఱసాలకు బదులుగ, శరీరమును మార్చు మందులను ఏడాదిపాటు పుచ్చుకొనుటకు ఆయన అంగీకరింపవలసివచ్చెను. యుద్ధమున దేశమునకు అంతటి మేలు చేసినవానికి రహస్యకార్యములలో పాల్గొను అర్హతయు పోయెను. ఆయన చేసిన మేలు ఎట్టిదో ఆ న్యాయస్థానమున చెప్పుటకే వీలులేదు. 1954 జూన్ 7వ తేదీన, నలుబదిరెండేండ్లు నిండకమునుపే, ఆయన విషముచే మరణించెను. అది ఆత్మహత్య యని విచారణలో తేల్చిరి.

బ్లెచ్లీ పార్కు రహస్యము 1970వ దశకమున వెల్లడియైన తరువాతనే లోకము ఆయన సేవను తెలిసికొనగలిగెను. వేలకొలది ప్రజలు కోరగా, 2009లో బ్రిటిషు ప్రధాని గార్డన్ బ్రౌన్ ఆయనకు జరిగిన అన్యాయమునకు ప్రభుత్వము తరపున క్షమాపణ చెప్పెను. 2013లో రాణి క్షమాభిక్ష ప్రసాదించెను. 2021లో ఆయన జన్మదినమున, ఆయన చిత్రముతో ఏబది పౌనుల నోటు వెలువడెను. చనిపోయినవానికి ఈ గౌరవముల వలన ప్రయోజనము లేకపోవచ్చును. భిన్నముగ నున్నవానిని శిక్షించి సమాజము తానే నష్టపోవునను సత్యమును మాత్రము అవి మనకు బోధించుచున్నవి.

ఆయన నాటిన విత్తనము మహావృక్షమైనది. 1966, 1967 సంవత్సరములలో అమెరికా కంప్యూటరును, సోవియట్ కంప్యూటరును టెలిగ్రాఫు ద్వారా ఎత్తులు పంపుకొనుచు నాలుగు ఆటలాడగా, సోవియట్ పక్షము గెలిచెను. 1970లో న్యూయార్కు నగరమున ఆఱు కంప్యూటరు విధానములకు పోటీ జరిగెను. దూరమున నున్న యంత్రముల ఎత్తులను టెలిఫోను ద్వారా తెలిసికొని, మనుష్యులు పలకపై పావులు జరుపుచుండిరి. 1974లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన తొలి ప్రపంచ పోటీలో సోవియట్ దేశపు కైస్సా విజయము పొందెను. 1997లో డీప్ బ్లూ అను కంప్యూటరు ప్రపంచ విజేతయైన గ్యారీ కాస్పరోవ్‌నే ఓడించెను.

నేడీ పోటీలు అంతర్జాలమున మెఱుపు వేగమున జరుగుచున్నవి. పోటీదారుల యంత్రములు వారి వారి యిండ్లలోనే యుండును. మధ్యనున్న ఒక కంప్యూటరు జతలు కూర్చి, ఎత్తులను అందించి, గడియారమును నడపి, ఫలితము ప్రకటించును. ఆట సాగుచుండగా మనుష్యుడు జోక్యము చేసికొనరాదు. దారిలో ఎత్తు ఆలస్యమైనచో ఆ కాలము ఎవరి గడియారమున పడవలెనో, సంబంధము తెగిపోయినచో ఏమి చేయవలెనో నిర్వాహకులు ముందుగనే నిర్ణయింపవలెను. ఒకే ఆట మరల మరల రాకుండ వేఱువేఱు ఆరంభములను ఇచ్చి, ఒక్కొక్క ఆరంభమును ఇరుపక్షముల వారును తెల్లపావులతో ఒకసారి, నల్లపావులతో ఒకసారి ఆడునట్లు చేయుటయు కలదు. ట్యూరింగు ఒక్క ఎత్తునకు వెచ్చించిన అఱగంటలో ఇప్పుడు పెక్కు ఆటలు పూర్తియగును. అయినను ప్రతి యంత్రము లోపలను జరుగుచున్నది ముఖ్యముగ ఆయన చూపిన పనియే. ఎత్తులను ముందుగ చూచుట, స్థితికి విలువ కట్టుట, మేలైనదానిని ఎంచుకొనుట.

2012లో ట్యూరింగు శతజయంతి సందర్భమున మాంచెస్టరులో కాస్పరోవ్ ట్యూరోచాంప్‌తో ఆడెను. ఈసారి కాగితములు లేవు. అఱువదేండ్లకు పైబడి వేచిన ఆ విధానము కంప్యూటరుపై నడచినది. కాస్పరోవ్ పదునాఱు ఎత్తులలో దానిని ఓడించెను.  చదరంగమున గోలొంబెక్ ఎదుట నిలువలేని ఒక మనుష్యుడు, తన లోపము నెఱిగియు వెనుదీయక, ఇంకను రాని యంత్రము కొఱకు అఱగంట కొక ఎత్తు చొప్పున ఓపికతో లెక్క కట్టినందుననే నేడు యంత్రములు క్షణమున కొక ఎత్తు వేయుచున్నవి. సాధనములు లేవని పని మానని వానికే సాధనములు సమకూరునని అలన్ ట్యూరింగు జీవితము మనకు తెలుపుచున్నది.